కామా కాడ ఆగాల

రెండు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున మా మామ కన్నుమూశారు. కాఫీ తీసుకుపోయి పిలిచాను. పలకలేదు. పలకకపోవడం మా ఇంట్లో కొత్త కాదు, ఆయనకు మాట పడిపోయి కొన్నేళ్లయింది. కానీ ఎప్పుడు పిలిచినా ఎడమచేత్తో మంచం పట్టె మీద ఒక దెబ్బ కొట్టేవారు, విన్నానని. ఆ పొద్దు ఆ దెబ్బ వినపడలేదు. కాఫీ గ్లాసు అక్కడే పెట్టి అత్తను పిలిచాను.

పుంగనూరులో, అంతకుముందు మదనపల్లెలో, కుప్పంలో ఆయన దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు ఎంతమందో నాకు తెలీదు. మీలో చాలామందికి కబురు అంది ఉండదు. అందుకే ఈ నాలుగు ముక్కలు. పేపర్లో ఫోటో వేయించి కింద ‘అశ్రునయనాలతో’ అని రాయిద్దామని బంధువులొకరు అన్నారు. నేను వద్దన్నాను. ఆయన ఉంటే, "యాల? కండ్లనీళ్లు అంటే జనానికి అర్థం కాదా?" అని అడిగి ఉండేవారు. పెద్ద మాటలంటే ఆయనకు ఒళ్లుమంట. తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ, చిన్న మాట సరిపోయే చోట పెద్ద మాట వాడిన పిల్లవాణ్ణి నిలబెట్టి, "ఎలకను పట్టేదానికి కొండను తవ్వుతాండావా అప్పా?" అనేవారు.

నాది శాంతిపురం దగ్గర పల్లె. కుప్పంలో డిగ్రీ చదివాను. చదివాను అనకూడదు లెండి. ఇంగ్లీషు పేపరు తప్పి, మళ్లీ రాసి, మళ్లీ తప్పితే, మా నాన్నకు విసుగొచ్చి పెళ్లి చేసేశాడు. తొంభైల మధ్యలో సంగతి. పెళ్లికొడుకు తండ్రి ఇంగ్లీషు సారు. ఇంగ్లీషు తప్పినదాన్ని పోయి పోయి ఇంగ్లీషు సారింట్లోనే పడ్డాను, పెనం మీద నుంచి పొయ్యిలోకి పడ్డట్టు.

పుంగనూరుకు కాపురానికి వచ్చిన మొదటి సాయంత్రం వంటింట్లో ఎర్రగడ్డలు తరుగుతుంటే వసారాలోంచి పిల్లల చదువు వినపడింది. మధ్యమధ్య టక్కు, టక్కు అని ఏదో శబ్దం. వడ్రంగి పని చేయిస్తున్నారా అని అత్తను అడిగాను.

"వడ్రంగీ లేదు, మన్నూ లేదు. మీ మామే. నా సపాతీ కర్ర ఇరగ్గొట్టి, దాంతో ఇంగ్లీషును కొడతాండాడు."

ఆయన పద్ధతి అది. పిల్లలందరూ పాఠాన్ని గొంతు కలిపి గట్టిగా చదవాలి. కామా వస్తే ఆయన బల్ల మీద కర్రతో ఒక దెబ్బ వేస్తారు. ఆ దెబ్బకు అందరూ ఆగి ఊపిరి తీసుకోవాలి. ఫుల్‌స్టాపు వస్తే రెండు దెబ్బలు. ప్రశ్న గుర్తు వస్తే కర్రను గాల్లోకి ఎత్తి అలాగే పట్టుకునేవారు, జవాబు వచ్చేదాకా దించకూడదన్నట్టు. కొటేషన్ గుర్తులొస్తే పిల్లలు రెండు చెవులూ పట్టుకోవాలి. "ఇంగొకరి మాట వస్తాండాది, చెవులు జాగర్తగా పెట్టుకోండి" అనేవారు. వీధిన పోయేవాళ్లు చూసి, సారు అందరికీ ఒకేసారి గుంజీళ్లు వేయిస్తున్నాడనుకునేవాళ్లు. "కామా కాడ ఆగాల, ఫుల్‌స్టాపు కాడ కూచోవాల" అన్నది ఆయన రోజూ చెప్పే మాట. విని విని మా వీధిలో బండి తోలేవాళ్లకు కూడా ఆ మాట వచ్చేసింది.

ఆ చపాతీ కర్ర తగాదా మా ఇంట్లో ఎప్పటికీ తెగలేదు. ఆయన చెక్క స్కేలు ఎక్కడో పోయిన రోజున, పాఠం మధ్యలో లోపలికొచ్చి అత్త కర్ర పట్టుకుపోయారట. ముందే పగుళ్లిచ్చిన కర్ర. చేయి జారి గచ్చు మీద పడి రెండు ముక్కలైంది. "కర్ర విరిగిందే" అని ఆయన చెబితే, "ఇరిగిందా, ఇరగ్గొడ్తివా?" అని అత్త నిలదీసిందట. మర్నాడు పాసివ్ వాయిస్ పాఠం ఆ మాటతోనే మొదలైందని పాత పిల్లలు చెప్పుకునేవాళ్లు. "తప్పు చేసినోడు తప్పించుకోని పోయే దారప్పా ఇది. గ్లాసు పగిలింది అంటాం. పాలు పొంగిపోయినాయి అంటాం. ఎవరు చేసినారో చెప్పం. ఎవరు చేసినారని అడిగేది ఇంట్లో అమ్మ. మీ అమ్మ మాట్లాడేది యాక్టివ్ వాయిస్." విరిగిన రెంటిలో పొడుగు ముక్క ఆయన బల్ల మీద ఉండిపోయింది. అత్త కొత్త కర్ర కొనుక్కుంది గానీ పాతదాని మీద హక్కు మాత్రం వదులుకోలేదు.

నేను తప్పిన సంగతి ఆయనకు తెలుసు. నెలరోజులు దాని ఊసెత్తలేదు. ఒకరోజు బియ్యం ఏరుతుంటే పీట వేసుకుని ఎదురుగా కూచున్నారు.

"ఏమ్మా, పేపర్లో యాడ తప్పుతాండావు?"

"అంతా, మామా" అన్నాను తల ఎత్తకుండా.

ఆయన నవ్వలేదు. "అంతా తప్పేదానికి కుదరదమ్మా, దానికి గూడా తెలివి కావాల. మీ ఊర్లో సంతకు పోతే ఎన్ని భాషల్లో బేరం చేస్తావు?"

"తెలుగు, అరవం. కన్నడమోళ్లు వస్తే కన్నడం."

"వాటికి ఎవరన్నా గ్రామరు చెప్పిరా నీకు?"

"లేదు."

"మరి ఇంగ్లీషు ఇంగొక సంత అనుకో. యాల భయం?"

ఆ రోజే ఆర్టికల్స్ చెప్పారు. పుస్తకం తెరవలేదు. "ఇంటికి కొత్తగా కోడలొచ్చింది. ఎవరో, ఏమో. ఇంగ్లీషోడు ఆమెకు ‘ఎ’ పెడతాడు. నెల పోయినాక ఆ కోడలు పప్పులో ఉప్పెంత వేస్తుందో అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు ఆమెకు ‘ద’ పెట్టాల. నువ్వు వచ్చినపొద్దు ‘ఎ’ కోడలివి. ఇప్పుడు ‘ద’ కోడలివి." అని లేచి పోయారు. ఆ తర్వాత ఆర్టికల్స్ నాకు తప్పలేదు. అది సరే, పుట్టింటి మీద బెంగ తగ్గింది కూడా ఆ రోజునుంచే.

అలంకారాలు చెప్పాల్సి వస్తే ఆయన పుస్తకం మూసేసి, మా అత్త నోరు తెరిచేదాకా కూచునేవారు. ఎక్కువసేపు కూచోవలసిన పని ఉండేది కాదు. "సెవిటోని ముందర శంఖం ఊదినట్లుండాది ఈ మనిషితో!" అని వంటింట్లోంచి వచ్చేది. బల్ల మీద టక్కున దెబ్బ పడేది. "రాసుకోండప్పా, సిమిలీ!"

"వెయ్యిసార్లు సెప్పింటా, కట్టెలు ఎండలో ఎయ్యమని!"

"హైపర్బలీ!"

"ఈ పొయ్యి ఈపొద్దు మొండికేసుకోని కూసోనుండాది!"

"పర్సానిఫికేషన్! పొయ్యికి ప్రాణం పోసింది చూడండి."

"ఊరందరికీ ఉపకారం సేసే మారాజు, ఇంట్లో సెంబుడు నీళ్లు ముంచుకోలేడు!"

"ఐరనీ! అండర్‌లైను చేసుకోండి."

పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. అత్త గుమ్మం దగ్గరికి వచ్చేది. "ఏందో అంటాండాడే నన్ను?"

"నిన్ను కాదే, నీ మాటను."

"నా మాటతో నీకేం పని?"

"పిలకాయలకు పరీక్షలుండాయి."

కోపం నటించేది గానీ, పరీక్షల కాలంలో ఆమె తిట్లు ఎక్కువయ్యేవి. అక్షరం ముక్క రాని మనిషి. ఒక సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, "ఈపొద్దు నా మాటల్లో పనికొచ్చేది ఏమన్నా దొరికిందంటనా?" అని గుట్టుగా అడిగింది. ఇంటి కాడ అవ్వలున్న పిల్లలు వాళ్ల తిట్లు వినుకుని రావాలని కూడా ఆయన చెప్పేవారు. చౌడేపల్లె నుంచి వచ్చే ఒక పిల్ల, వాళ్ల అవ్వ పాలు చేపని ఆవును తిట్టిన తిట్లన్నీ తెచ్చి అప్పజెప్పింది. తీరిగ్గా విని, "ఇంత పెద్ద కవిని ఇంట్లో పెట్టుకోని గైడు యాల కొంటిరమ్మా?" అన్నారు.

మళ్లీ పరీక్షకు కట్టాను. సెంటరు మదనపల్లెలో పడింది. మామే తోడు వచ్చారు. మొదటి బస్సుకు పోయాం కాబట్టి చాలా టైముంది. బస్టాండులో కూచుని గైడు తెరిచాను. ఆయన దాన్ని లాక్కుని సంచిలో పెట్టి, "దామ్మా" అని టమాటా మార్కెట్టుకు తీసుకుపోయారు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. డిగ్రీ పరీక్ష రాయడానికొచ్చి టమాటాలు చూడ్డమేంటి? కాళ్ల కింద చితికిన కాయలు, అడ్డంగా గంపలు, తోసుకుపోయే హమాలీలు. ఒక మండీ ముందర వేలం జరుగుతోంది. పాట పాడే మనిషి ఊపిరి తీసుకోకుండా ధర మీద ధర పలుకుతున్నాడు. పక్కన ఒక రైతు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూడమ్మా, ఆయప్ప యాడన్నా ఆగుతాండాడా?"

"లేదు మామా."

"ఆగితే ఏమవుతుంది?"

ఆలోచించాను. "ధర ఆడనే నిలిచిపోతుంది."

"అంతే. ఆగినాడంటే సరుకు పోయినట్లే. ఆ రైతు పడిన కష్టమంతా ఆయప్ప ఆగే చోటులో ఉండాది." కాసేపు ఆ రైతునే చూసి నా వైపు తిరిగారు. "ఆయప్పకు ఆగితే నష్టం. నీకు ఆగకపోతే నష్టం. నీకు ఇంగ్లీషు రాక కాదమ్మా, పేపరు చూస్తానే భయపడి ఒగటే పరుగు. కామా కాడ ఆగు. ఫుల్‌స్టాపు కాడ కూచో. ఎవరూ తరమడం లేదు నిన్ను."

పరీక్ష హాల్లో బొటనవేలితో బల్లను నాకు మాత్రమే వినపడేలా తట్టుకుంటూ చదివాను. పాసయ్యాను. మా నాన్న పేపర్లో నంబరు చూసి, ఎవరిదో చూశాననుకుని మళ్లీ చూశాడట.

రెండువేలు దాటాక, రిటైరై ట్యూషనే లోకంగా ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం పాఠం మధ్యలో ఆయన చేతిలోని కర్ర కింద పడింది. పిల్లలు ఆగారు. ఆయన వంగి తీసుకోబోయి కుర్చీతో సహా ఒరిగిపోయారు. వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయాం. ప్రాణం నిలిచింది గానీ కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. విన్నది అర్థమవుతుందని, చెప్పాలనుకున్నది నోటికి రాదని డాక్టరు చెప్పాడు. ఇంగ్లీషూ పోయింది, తెలుగూ పోయింది. ఒకే ఒక్క మాట మిగిలింది, ‘ఆగు’.

నీళ్లు కావాలన్నా ఆగు. అన్నం చాలన్నా ఆగు. చూడవచ్చినవాళ్లు పోయొస్తామని లేస్తే ‘ఆగు’ అనేవారు, వాళ్లు మొహమాటానికి మళ్లీ కూచునేవాళ్లు. ఒక పాత శిష్యుడు అలా లేస్తూ కూచుంటూ బస్సు పోగొట్టుకున్నాడు. మేం నవ్వాం. ఆయనా నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. ఎందుకో తెలుసుకునే దారి మాకు లేదు. అత్త ఒళ్లు తుడుస్తుంటే ఆమె చేయి గట్టిగా పట్టుకుని ‘ఆగు, ఆగు’ అనేవారు. "ఆగు ఆగు అంటే నేను యాడికి పోతా? ఈడనే ఉండా గదా" అని ఆమె మొహం తిప్పుకునేది. పొయ్యిని తిట్టడం కూడా మానేసింది.

ట్యూషను మూతపడింది. పిల్లలు కొత్తగా వెలిసిన స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లకు పోయారు. మా ఆయనకు ఎరువుల కొట్టు. వసారాలో జెరాక్సు మిషను పెట్టుకుంటానని ఒకాయన అడుగుతున్నాడని, ఎలాగూ ఖాళీగా ఉండే చోటే కదా అని, అన్నం తింటూ చెప్పాడు. మా ఆయన తప్పని నేననను. కానీ మామ విన్నారు. ఆ పూటనుంచి ముద్ద దిగలేదు. వసారా కుర్చీలో కూచోబెడితే, పిల్లలొచ్చే వేళకు గేటు కేసి తల తిప్పుకుని చూస్తూ ఉండేవారు. ఆ వసారా పోతే ఈ మనిషి పోతాడని నాకు అర్థమైంది. భయమేసింది.

రెండు రోజులు చూసి, మా వీధిలో తెలిసిన ఇళ్లకు పోయి కొందరు పిల్లల్ని పిలుచుకొచ్చాను. మా ఆయన గొంతు లేచింది. "జబ్బు మనిషిని కూచోబెట్టి సర్కసు చేస్తాండావా?" అత్త కూడా నా పక్షం రాలేదు. "నలుగురూ వచ్చి అయ్యో అంటాంటే నేను సూడలేనమ్మా" అని లోపలికి పోయింది. నేనూ తక్కువ తినలేదు. "మీరు చూడొద్దు. నేను చూస్తాను" అన్నాను.

విరిగిన కర్రను ఆయన ఎడమచేతిలో పెట్టి వేళ్లు మూశాను. నేను చదువుతుంటే పిల్లలు నా వెంట చదవాలి. మొదటి కామా వచ్చింది, అందరం ఆయన వైపు చూశాం. కర్ర లేచింది, గాల్లో కాసేపు ఊగింది, పడింది. టక్. పిల్లలు ఆగారు. వాక్యం ముగిసేసరికి రెండు దెబ్బలూ పడ్డాయి. ఇంకాస్త ముందుకు పోయాక కొటేషన్ గుర్తులొచ్చి పిల్లలు చెవులు పట్టుకుంటే, ఆయన కర్ర పట్టుకున్న చేయి కూడా చెవి దగ్గరికి పోయింది. ఒక చెవే పట్టుకోగలిగారు. ఆ పూట పెట్టిందంతా తిన్నారు. మా ఆయన జెరాక్సాయనకు తనే వద్దని చెప్పి వచ్చాడు.

అలా మేమిద్దరం కలిసి ఒక సారు అయ్యాం. నోరు నాది, చేయి ఆయనది. కొన్నాళ్లకు వంటింట్లోంచి తిట్లు కూడా మొదలయ్యాయి, అదీ సరిగ్గా పిల్లలొచ్చే వేళకు. సిమిలీనా, హైపర్బలీనా అని పిల్లలే చెప్పేవాళ్లు. సరైనదైతే ఆయన కర్ర పలికేది. అప్పుడు అత్త ఇంకొక తిట్టు అందుకునేది.

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఆ తర్వాతిదే నన్ను తినేస్తోంది. పోయిన ఏడాది నుంచి ఆయన దెబ్బలు తప్పడం మొదలైంది. మొదట నిద్రమత్తు అనుకున్నాను. కాదు. కామా దగ్గర కర్ర కదిలేది కాదు, ఏమీ లేని చోట, వాక్యం నడుమ, టక్కుమనేది. పిల్లలు నా మొహం చూశారు. నేను ఆగాను, వాళ్లూ ఆగారు. తప్పు కొట్టారు మామా అని చెప్పే నోరు నాకు లేదు. చెప్పకపోతే పిల్లలకు తప్పే అలవాటవుతుంది. గంగవరం నుంచి ఒక తల్లి పనిగట్టుకుని వచ్చింది. "ఏమ్మా, మావోడు సదువుతా సదువుతా యాడంటే ఆడ నిలిచిపోతాండాడు, పెట్రోలు అయిపోయిన బండి మాదిరి. స్కూల్లో నవ్వుతాండారంట." ఆమెకు మజ్జిగ ఇచ్చి, సర్దుకుంటుందని చెప్పి పంపాను.

ఆ రోజునుంచి ఇలా చేశాం. వసారాలో ఆయన దెబ్బ ఎక్కడ పడితే అక్కడ ఆగేవాళ్లం. అయిపోయాక పిల్లల్ని పెరట్లోకి తీసుకుపోయి, బట్టలుతికే బండ దగ్గర నిలబెట్టి, అదే పాఠం గొంతు తగ్గించి మళ్లీ చదివించేదాన్ని, పుస్తకంలో ఉన్నట్టు. ఒక్క పిల్ల గానీ పిల్లవాడు గానీ ఆయన ముందు నోరు జారలేదు. వాళ్లకున్న నెమ్మది నాకు లేదు. ఇది మర్యాదా, నాటకమా? యాడ ఆగాలో ఊరంతటికీ నేర్పిన మనిషిని ఎలా ఆపాలి? అసలు ఆపడానికి నేనెవరిని?

పోయే ముందు వారం, పాఠం నడుస్తుండగా ఆయన కర్రను బల్ల మీద పెట్టారు. ఎడమ అరచేత్తో దాన్ని మెల్లగా నా వైపు నెట్టారు. పిల్లలు చదువు ఆపేశారు.

"ఏం మామా, అలిసిపోయినారా?"

"ఆగు" అన్నారు.

నేను కర్ర తీసి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టి వేళ్లు మూశాను. నా కళ్లలోకి చాలాసేపు చూశారు. తర్వాత కర్ర ఎత్తి ఒక దెబ్బ కొట్టారు. మేం చదవడం మొదలుపెట్టనే లేదు. అయినా ఊపిరి బిగపట్టి ఆగాం.

పెరట్లో మా రెండో చదువు ఆయన చెవిన పడిందా? ఇక నువ్వు కొట్టమ్మా అని ఇచ్చారా? చాలన్నారా? మంచినీళ్లు అడిగారా? అన్నిటికీ ఒకే మాట మిగిలిన మనిషి. ఇచ్చినది తీసుకోవాల్సిందేమో, తీసుకుంటే ఆయన గుండె పగిలి ఉండేదేమో. ఎటు తిప్పి చూసినా తేలదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

ఆయన పోయాక మా ఇంట్లో అన్నిటికన్నా నన్ను భయపెట్టింది అత్త మౌనం. కూరలో ఉప్పు మరిచిపోతే మాట్లాడకుండా తినేసింది. ఒకరోజు పొయ్యి దగ్గరే నిలబడి ఉండి కూడా పాలు పొంగనిచ్చాను, కావాలనే. "పాలు పొంగిపోయినాయి అత్తా" అన్నాను. ఎవరు పొంగించినారు అని అడుగుతుందని చూశాను. అడగలేదు. గుడ్డ తెచ్చి తుడిచి పోయింది.

జెరాక్సాయన మళ్లీ వచ్చాడు. మా ఆయన ఈసారి నా వైపు చూడలేదు. "అమ్మా, ఇల్లు నీది. నువ్వెట్ల చెప్తే అట్ల" అని వాళ్లమ్మను అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను. ఆ టక్కుటక్కు ఎన్నేళ్లు భరించిందో ఆమెకే తెలుసు. ఇక చాలు అంటే కాదనడానికి నాకు ఏ హక్కుంది? బల్ల రేపో మాపో లోపలికి పోతుందని మనసు రాయి చేసుకున్నాను.

దినాలు అయిపోయిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం పిల్లలు వచ్చారు. నేను పిలవలేదు. చెప్పులు విడిచి ఎవరి చోట వాళ్లు కూచున్నారు. కుర్చీ అక్కడే ఉంది, బల్ల మీద విరిగిన కర్రా ఉంది. ఏం చెప్పి పంపాలో తెలియక గోడకు ఆనుకుని నిలబడ్డాను. వాళ్లే పుస్తకాలు తెరిచి గొంతు కలిపారు. మొదటి కామా దాకా వచ్చి ఆగిపోయారు.

ఆగి, దెబ్బ కోసం చూస్తున్నారు. నేను కర్ర అందుకుని కొడితే సరిపోయేది. చేయి లేవలేదు. ఆయన ఇచ్చినప్పుడు వెనక్కి ఇచ్చేసినదాన్ని. పిల్లలు బల్ల వైపు చూస్తూనే ఉన్నారు. ఇళ్లకు పొండి అని చెప్పబోయాను.

లోపలినుంచి ‘టక్’ అని వినపడింది.

అత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పిండి అంటిన చపాతీ కర్ర. గుమ్మం చెక్క మీద కొట్టింది. మా ఎవరి వైపూ చూడకుండా, "ఊఁ, సదవండి! నోట్లో బెల్లంగడ్డ పెట్టుకోనుండారా?" అని కసిరింది.

పిల్లలు చదివారు. ఆమె మళ్లీ కొట్టింది. పుస్తకంలో ఆ చోట కామా లేదు, ఫుల్‌స్టాపు లేదు, ఏమీ లేదు. పిల్లలు నా మొహం చూడలేదు. అందరూ ఆగి ఊపిరి తీసుకున్నారు.

బల్ల వసారాలోనే ఉంది. వంటింటి గుమ్మం మీద, చేయి అందే ఎత్తున, గోధుమపిండి మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి తెల్లగా పేరుకున్నాయి. ఇల్లంతా కడిగే రోజున కూడా వాటిని మేం తుడవడం లేదు.